చెంచాడు నీళ్లు

తొంభై ఒకటో సంవత్సరం, ఎండాకాలం. అడిగావు గనక చెబుతున్నాను గానీ, మధ్యలో ఫోను చూశావంటే ఆపేస్తాను, నా సంగతి తెలుసుగా. మీ తాత, అంటే మా అక్క మొగుడు, దుకాణాలకి బోర్డులు రాసేవాడు. నేను బడి మొహం చూడనివాణ్ణి. రాత్రిపూట ఆయన పక్కన రంగు డబ్బా పట్టుకుని కూర్చుంటే వచ్చాయి నాకీ నాలుగక్షరాలు. ‘ళ’ రాయమంటే పాముని గీసేవాణ్ణి. “ఒరే బామ్మర్దీ, నీ తలరాత కూడా నీలాంటివాడే రాసుంటాడు” అనేవాడు. అబ్బో, ఏం నోరనుకున్నావు.

ఏం చెబుతున్నాను? ఆఁ, బోర్డు రాస్తూ రాస్తూనే కుడిచెయ్యి వాలిపోయింది, మూతి వంకరపోయింది. పక్షవాతం. ఆసుపత్రిలో నర్సమ్మ మరీ మరీ చెప్పింది. “మింగగలడో లేదో మేం చూసేదాకా చుక్క పొయ్యకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే నిమ్ము చేస్తుంది. తల ఎత్తులో ఉంచండి, నోరు శుభ్రంగా తుడుస్తూ ఉండండి.” మా అక్క అలాగే చేసేది. పళ్లు, చిగుళ్లు, నాలుక, పసిపిల్లాడికి తుడిచినట్టు. మనిషి తేరుకుంటున్నాడమ్మా. నన్ను చూసి “బా...” అన్నాడు. మిగతాది రేపు అంటాడులే అనుకున్నాను.

మర్నాడు బావ వాళ్లమ్మ వచ్చింది. అక్క గుడ్డలు ఉతకడానికి పోయింది, నేను మందుల షాపులో ఉన్నాను. “పెదాలు అట్టలు కట్టాయి, ఎండిన నోటికి ఈ తుడుపులేంటి” అని ముసలావిడ చెంచాతో నీళ్లు పోసింది. పొలమారింది. నెత్తిమీద తడుతూ “ఎవరో తలుచుకుంటున్నారు నాయనా” అంది. ఎవరింట్లోనైనా అనే మాటేగా. పక్కమంచం ఆయన “ఎవరండీ, రెండో సంసారమా?” అన్నాడు. బావ సగం మూతితో నవ్వాడట. నవ్వాడు కదా అని ఇంకో చెంచా పోసింది. నేను వచ్చేసరికి వార్డంతా సంబరంగా ఉంది.

తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతోంది. “నీళ్లు ఎవరు పట్టారు?” అంది నర్సమ్మ. “పట్టలేదు తల్లీ, గొంతు తడిపానంతే” అంది ముసలావిడ. ఆవిడ లెక్కలో అది అబద్ధం కాదు. సూదిమందులిచ్చారు, పక్కకి తిప్పి వీపు తట్టారు, ఆక్సిజన్ పెట్టారు. ఆయాసం తగ్గలేదు.

ఇప్పుడు రోజూ తలుచుకునేది నేనే. ఎవరికి పొలమారుతుంది చెప్పు? ఆ ‘బా’ తర్వాత అక్షరం ఆయన నోటివెంట మళ్లీ రాలేదు. పక్షవాతంతో పోయాడని మీవాళ్లు చెబుతారు, కాదు. నిమ్ముతో పోయాడు. ముప్పై ఎనిమిదేళ్లకే.