తుడవని ఫోటో

…కాదు, నువ్వే చెప్పు తల్లీ, మూడు మడతల ఆల్బమ్ అట్టని రెండు మడతలకి కుదించేస్తే తొమ్మిది పాటల మాటలు ఎక్కడ అచ్చువేయాలి? నా వీపు మీదా? పొద్దున్నే ఫోన్ చేసి ఎంత తేలిగ్గా అనేశాడో ఆ కంపెనీ మేనేజరు. "ఇప్పుడు అట్టలెవరు చూస్తున్నారండీ, ఫోన్‌లో గోరంత బొమ్మ కనపడితే చాలు" అట. ఆ గోరంత బొమ్మ కోసమేనా నేను ముప్పై ఏళ్లు కళ్లు పాడుచేసుకున్నది?

నవ్వకు, నవ్వకు. నవ్వితే కుట్లు లాగుతాయని నర్సు గుమ్మంలోనే చెప్పింది. "ఆవిడ మాట్లాడకూడదు, మీరు మాట్లాడించకూడదు" అంది. నేను మొదలెడితే ఇంకెవరికీ సందు దొరకదులేమ్మా, భయపడకు అన్నాను. అవునా కాదా? పలక పక్కనే ఉందిగా, ఏమైనా అనాలనిపిస్తే దాని మీద రాయి.

మీ అమ్మ లేదేం? వదిన కిందకెళ్లిందా? మంచిదే. అంటే, ఆవిడకీ కాసేపు గాలి తగులుతుందని. నెల రోజులుగా ఆ కుర్చీలోనే కదా.

సరే, పనిలోకి వద్దాం. ఇదిగో డమ్మీ, అచ్చుకి ముందు చేసే నమూనా. తెల్ల అట్టతో మీ పిన్ని మడిచి అంటించింది. లెక్కపెట్టు, మూడు మడతలే. వాళ్లు రెండన్నారు, నేను సరేనన్నాను, మూడే చేశాను. అచ్చయ్యాక తిట్టుకోనీ. ఇది వెన్ను. అరలో వరసగా పెట్టినప్పుడు బయటికి కనపడేది ఇదొక్కటే. నీ పేరు ఇంత సన్నంగానా అనకు, ఇంతకన్నా లావుగా వేస్తే అక్షరాలు మడత మీదకెక్కి చీలిపోతాయి.

చివరి ఆల్బమ్ అని నేననడంలేదు. వాళ్ల కాగితాల మీద అలా రాసుకున్నారు. ఆపరేషన్‌కి ముందు నువ్వు పాడిపెట్టిన తొమ్మిది పాటలున్నాయి, పదోది రాదు. అది వాళ్లకీ తెలుసు, నీకూ తెలుసు, నాకూ తెలుసు. గొంతు మళ్లీ వస్తుందిలే అని నీ దగ్గర అబద్ధమాడను. నిన్ను ఓదార్చడానికి రాలేదు నేను.

చూడు, మళ్లీ ఎటో పోతున్నాను.

పోయిన వారం పలక మీద రాసి చూపించావు కదా, ఈసారి అట్ట మీద మచ్చలు తుడవని ఫోటో వెయ్యి బాబాయ్ అని. మూడో ఆల్బమ్‌కి తీసినవాటిలో, తల వెనక్కి వాల్చి పడీపడీ నవ్వుతున్నది. ఒక్క అట్ట మీదైనా నేను నాలాగే ఉండాలి అని రాశావు. ఇంటికెళ్లి చెబితే మీ పిన్ని కళ్లొత్తుకుంది. నేను మాత్రం కంచం ముందు నుంచి లేచిపోయాను.

ఎందుకో చెప్తాను. చెప్పకుండా ఇంటికి రావద్దని మీ పిన్ని ఒట్టు పెట్టించుకుని మరీ పంపింది. లిఫ్ట్ బాగానే ఉన్నా మెట్లెక్కి వచ్చాను. చెప్పాలా వద్దా అన్నది తేల్చుకోడానికి నాలుగంతస్తులు చాలతాయేమో అనుకున్నాను. చాలలేదు.

ముందు ఫోటో చూడు. కవర్లోంచి తియ్యి. అంచులు పట్టుకుని తియ్యి, వేలిముద్రలు పడతాయి. హూఁ. బాగుందా? అవును, కళ్ల కింద నలుపుంది. గడ్డం మీద మొటిమ, ఆ పక్కకి ఒరిగిన పన్ను, చెవి దగ్గర చెదిరిన జుట్టు, అన్నీ ఉన్నాయి. ఆ రోజు నిన్ను నవ్వించింది నేనే, గుర్తుందా? ఎప్పుడో ఒకాయన ఆల్బమ్‌కి మడత గీత తప్పు గీసి, ఆయన ముక్కుని తీసుకెళ్లి వెన్ను మీద పెట్టాను, అరలో పెడితే వెయ్యి ముక్కులు వరసగా కనపడ్డాయి అని చెప్పాను. ఆ నవ్వు అది.

తడుముకో. నీ మొహమే కదా. ఏడేళ్లుగా దాన్ని నా చేతుల్లో పెట్టేశావు. మొదటి ఆల్బమ్‌కి పందొమ్మిదేళ్ల పిల్లవి, మా గదిలో స్క్రీన్ మీద నీ మొహం అంత పెద్దదిగా కనపడేసరికి రెండు చేతులతో కళ్లు మూసుకున్నావు. "నాలో ఏం బాగోలేదో నాకు చెప్పొద్దు బాబాయ్, నువ్వే తుడిచెయ్" అన్నావు. బాబాయ్ అనడం ఆ రోజే మొదలు. అంతకుముందు అట్టలాయన అనేదానివి.

చెప్పొద్దన్నావు కాబట్టి చెప్పలేదు అంటే సరిపోతుందా? తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నట్టుంటుంది.

ఫోటో వెనక సరేనని సంతకం పెట్టేశావా? అప్పుడేనా? కాస్త ఆగాల్సింది తల్లీ. సరే, పెట్టావు. ఇప్పుడు విను.

అది తుడవని ఫోటో కాదు.

అలా చూడకు. నేను తయారుచేశాను దాన్ని. రెండు రోజులు కూర్చున్నాను. అచ్చుకి తుడిచిపెట్టిన ఫోటోనే తీసుకుని, కళ్ల కింద మళ్లీ నలుపు పూశాను, మొటిమ పెట్టాను, జుట్టు చెదరగొట్టాను. ముప్పై ఏళ్లు మచ్చలు తీసినవాడికి పెట్టడం ఎంతసేపు? మా గదిలో ఎవరికీ అనుమానం రాలేదు. నువ్వూ నమ్మావు. అన్నీ తిరిగి పెట్టాను గానీ, ఒక్కటి పెట్టలేదు.

మెడ.

మా పనిలో ఒక పద్ధతుంది. మచ్చల్ని అసలు ఫోటో మీద తుడవం. దాని మీద కంప్యూటర్లోనే పల్చటి పొర ఒకటి పరుచుకుని, తుడిచేదంతా ఆ పొర మీద తుడుస్తాం. పొర తీసేస్తే కింద అసలు మొహం చెక్కుచెదరకుండా ఉంటుంది. రెండో ఆల్బమ్‌కి నీ ఫోటో పెద్దది చేసి పనిచేస్తున్నాను. అంత పెద్దది చేస్తే మనిషి కనపడదు తల్లీ, చర్మం ఒక్కటే కనపడుతుంది. మెడకి కుడిపక్క చిన్న నీడ. శనగగింజంత. గుటక వేస్తుంటే తీసుంటాడు అనుకుని ఫోటోగ్రాఫర్‌ని తిట్టుకున్నాను. తర్వాతి ఫోటో తెరిచాను. అందులో లైటు వేరు, గౌను వేరు. నీడ మాత్రం అక్కడే.

లైటు జరిగితే నీడ జరగాలి కదా? ఆ సంగతి నాకు తెలీదా? నేను బతుకుతున్నదే దాని మీద.

తుడవబోతే సరిగ్గా రాలేదు, చర్మం చారలు కట్టింది. అందుకని మొదటి ఆల్బమ్ ఫోటోలోంచి నీ మెడ కత్తిరించి తెచ్చి ఇక్కడ అతికించాను. అతుకు ఎంత బాగా కుదిరిందంటే, దాన్ని విడిగా దాచుకున్నాను. పేరు కూడా పెట్టుకున్నాను, 'మంచి మెడ' అని. ఇక పోస్టర్లకి అదే, పత్రికలకి అదే, మూడో ఆల్బమ్‌కీ అదే. ఊళ్లో గోడలన్నిటి మీదా జనం చూసింది నీ పందొమ్మిదేళ్లప్పటి మెడ. నీ అసలు మెడ మీద ఆ గింజ పెరుగుతూనే ఉంది. మూడో ఆల్బమ్ నాటికి రేగుపండంతైంది. నాకు తెలుసు. ఎప్పటికప్పుడు దాన్ని కప్పేసినవాణ్ణి నేనే కదా.

మీ పిన్నికి చూపించాను. "ఆ పిల్లని ఒక్కసారి డాక్టరుకి చూపించుకోమనండి" అంది. పరాయి ఆడపిల్ల మెడ గురించి నేనేం మాట్లాడతానే, బాగోదు అన్నాను. చూశావా, బాబాయ్ అని పిలిపించుకునేటప్పుడు సొంతపిల్లవి, నోరు తెరవాల్సొచ్చేసరికి పరాయిదానివైపోయావు. నా నోట్లో నువ్వుగింజ నానదని మీ పిన్ని ఎప్పుడూ వెక్కిరిస్తుంది. ఈ గింజ నాలుగేళ్లు నానింది.

ఏం రాస్తున్నావు? చూపించు. "నువ్వు డాక్టరువి కాదుగా బాబాయ్, నీకేం తెలుస్తుంది." అయ్యో పిచ్చిదానా. అప్పుడే క్షమించెయ్యకు. ఇంకా అయిపోలేదు. ఇంతవరకూ చెప్పినదానికి మొహమాటమనో, తెలివితక్కువతనమనో ఏదో ఒక పేరు పెట్టుకోవచ్చు. నాలుగేళ్లుగా అలాంటి పేర్లే పెట్టుకుంటున్నాను.

డాక్టరుకి నువ్వేం చెప్పావు? ఏడాదిన్నర కింద ఓసారి అనుమానమొచ్చి చూసుకున్నాను, అప్పుడేమీ లేదు, అన్నావు. ఆయన రాసుకున్నాడు. అయితే ఈ గడ్డ ఆ తర్వాత వచ్చి గబగబా పెరిగిపోయిందన్నమాట, అప్పటికే ఉండి, అప్పుడే పట్టుకుని ఉంటే గొంతు నరాలు కాపాడేవాళ్లం అన్నాడు. వదిన ఆ మాట పట్టుకుంది. అప్పుడు లేదంటే, ఆ ఏడాది ఊరూరా తిప్పి పాడించాను కదా, దానివల్లే వచ్చింది, నా చేతులతో నేనే నా బిడ్డ గొంతు నొక్కేశాను, అని ఆ వరండాలో నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నేను ఓదార్చాను. "ఎవరి తప్పూ లేదు వదినా, మన రాత" అన్నాను. ఆ మాట అనడానికి నాకు నాలుక ఎలా తిరిగిందో ఇప్పటికీ తెలీదు.

చూసుకున్నాను అన్నావే, ఎక్కడ చూసుకున్నావు తల్లీ? అద్దంలోనా? కాదుగా. వేలికి తగిలితే నన్ను చూడమన్నావు.

మూడో ఆల్బమ్ ప్రూఫు చూడ్డానికొచ్చిన రోజు. బల్ల నిండా అట్టలు, గదంతా సిరా వాసన. ఒక్కోటీ చూసి బాగుంది, బాగుంది అంటూ ఉన్నట్టుండి ఆగావు. మెడ మీద రెండు వేళ్లు పెట్టుకుని, "బాబాయ్, ఇక్కడేదో ఉబ్బుగా తగుల్తోంది, చూడవా" అన్నావు.

నేను నీ మెడ వైపు చూడలేదు. అటు తిరిగి స్క్రీన్ చూశాను. అట్ట మీద బొమ్మ తెరిచి, ఆ మెడని పెద్దది చేశాను. స్క్రీన్ నిండిపోయేదాకా చేశాను. "చూసుకో. కెమెరాకి కనపడనిది నీ వేలికెక్కడ తగిలింది?" అన్నాను. నువ్వు లేచొచ్చి, ముక్కు ఆనేంత దగ్గరగా చూశావు. "అవును బాబాయ్, నాదంతా అనుమానం" అన్నావు. టీ తాగావు. వెళ్లిపోయావు.

మర్చిపోయి చూపించానా? అది నేను అతికించిన మెడేనన్నది ఆ క్షణంలో తట్టలేదా? ఇన్నాళ్లూ నాకు నేను అలాగే చెప్పుకున్నాను. అబద్ధం. తెలిసే చూపించాను.

ఇదిగో, ఈ రెండో కవరు. ఇది పొర తీసేసిన ఫోటో. ఇది నువ్వడిగింది. తియ్యి. అంచులు పట్టుకోనక్కర్లేదు, ఎలా పట్టుకున్నా ఫర్లేదు. నవ్వు అదే, పన్ను అదే. ఇంకాస్త కిందకి చూడు. ఆఁ. అదే.

సంతకం దీని మీద పెట్టినా వేస్తాను, దేని మీదా పెట్టకపోయినా వెళ్లిపోతాను. వదిన వచ్చేదాకా మాత్రం ఇక్కడే కూర్చుంటాను. ఆవిడకీ నా నోటితోనే చెప్పాలి. ఆ తర్వాత ఆవిడ గెంటినా సరే, కొట్టినా సరే.

పలక ఇలా తిప్పు. అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కాయి, తెలీడంలేదు. ఎందుకు, అనా?

ఎందుకంటే ఏం చెప్పను తల్లీ. నీ మీద కుళ్లో, పగో ఉండుంటే అదొక కారణమయ్యేది, నువ్వు నన్ను తిట్టుకోడానికైనా పనికొచ్చేది. అలాంటిదేం లేదు. మర్నాడే అట్టలు మిషనెక్కాలి. నీ అనుమానం నిజమేనంటే డాక్టరంటావు, పరీక్షలంటావు, నా ఫోటోలన్నీ ఏవి, చూపించు అంటావు. పని ఆగిపోతుంది అనుకున్నాను.

ఆల్బమ్ ఓ వారం ఆలస్యమయ్యేది. అంతే తల్లీ. ఒక్క వారం.