చివరి రేవు దాకా

వెనిస్‌లో చేపల బజారు రేవు దగ్గర పడవబస్సు ఎక్కగానే, ఆ ఊరివాళ్లందరిలాగే ఆమె గేటు పక్కన నిలబడింది. దిగాల్సింది రెండో రేవులోనే. వెనకాలే ఎక్కిన పక్కవీధి వదిన మాత్రం చక్రాల సంచి లాక్కుంటూ లోపలికెళ్లి కూర్చుంది.

“ఏంటొదినా, టూరిస్టులా కిటికీ పక్కన చేరావు?”

“కాళ్లు లాగుతున్నాయి.”

“ఇందాక వంతెన మీద నన్ను దాటుకుని ఉరికావుగా, అప్పుడు లాగలేదేం?”

“చేపలు అయిపోతాయని ఉరికాలే.”

కళాసీ తాడు బిగించి, గేటు జరిపి, “శాన్ స్టాయ్!” అని కేకేశాడు.

“మన రేవొచ్చింది, లే.”

“నువ్వు దిగు. నేను చివరిదాకా పోవాలి. అక్కడ నీళ్లకవతల మెస్త్రే ఊరికి బస్సెక్కాలి.”

“మెస్త్రేలో నీకెవరున్నారు?”

“నేనే ఉన్నాను, నిన్నట్నుంచి. ఇంటి ఓనరు మమ్మల్ని ఖాళీ చేయించాడు, ఇల్లు టూరిస్టులకి అద్దెకిచ్చుకుంటాడట.”

“నాకొక్క మాటైనా చెప్పలేదే!”

“చెబితే ఏడుస్తావు.”

“నేనెందుకేడుస్తాను? మరి చేపలకోసం ఇంత దూరం రావాలా?”

“అక్కడివి నోట పెట్టలేం.”

గేటు మూసుకుంది. పడవ కదిలింది.

“అయ్యో, నువ్వు దిగలేదేం?”

“ఆ సంచి బస్సెక్కించేదెవరు? జరుగు.”