ఇంటికి రాకు, యోర్దానిస్

హలో… ఆ, నేనే. మీ అమ్మనే రా, యోర్దానిస్. ఫోనొచ్చిందని మాంథోస్ తన కొట్లోంచి కేకేస్తే పరిగెత్తుకొచ్చా… ఆయాసం కాదు, భయం.

— మాంథోస్ గుమ్మంలో నిలబడి వీధి చూస్తున్నాడులే. నువ్వు ఆగు, ముందు నేను చెప్తా. ఇంటికి రాకు. అక్కడే, పారిస్‌లోనే ఉండు.

…రాకంటే రాకు!

పొద్దున వచ్చారు. ఇద్దరు పోలీసులు, మఫ్టీలో… కొట్టలేదు. పరుపులు చీరారు. పిండి డబ్బా బోర్లించారు. సినిమా రీళ్ళెక్కడ అని. నాకేం తెలుసయ్యా, మా వాడి సినిమాల్లో పది నిమిషాలైనా ఒక్కడూ నోరు విప్పడు, ఆ చేపలవాళ్ళ సినిమాకి గుర్రుపెట్టి నిద్రపోయాను అన్నాను… నవ్వకు! వాళ్ళు నవ్వలేదు.

— ఆ, నీ రెండో సినిమా గురించీ అడిగారు. దీవి జైలుకి పోయిన మొగుళ్ళ కోసం రేవులో నిలబడే ఆడవాళ్ళది. సెన్సారువాళ్ళు దానికి తాళం వేసింది చాలదట. ఇప్పుడీ మూడోది దొంగచాటుగా తీసి పంపితే, పారిస్‌లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారట కదా. పేపరు ముక్క తెచ్చి వాళ్ళే చదివారు. "నీ కొడుకు దేశం పరువు తీశాడు" అని.

…గర్వంగా ఉండదా మరి? బట్టలు కుట్టి చదివించాను. చిన్నప్పుడు గోడెక్కి సినిమా చూస్తుంటే చెవి మెలేసి లాక్కొచ్చిందీ నేనే. కానీ సైన్యం గద్దెనెక్కాక మన వీధిలో ఎందర్ని పట్టుకుపోయారో నీకు తెలీదా? మా ఊరు స్మిర్నా తగలబడ్డప్పుడు ఎనిమిదేళ్ళదాన్ని. అప్పుడు కూడా ఇంత భయపడలేదురా.

— జిసిస్ సంగతి నీకెవరు చెప్పారు?

…అవును. నీ కెమెరా పట్టిన పాపానికి శనివారం తీసుకుపోయారు. వాళ్ళావిడ రోజూ ఉతికిన చొక్కా పట్టుకెళ్తోంది. నిన్న మాసిన చొక్కా తిరిగిచ్చారు. దాని కాలరు మీద… వద్దులే.

ఏంటీ? నువ్వు లొంగిపోతే వాణ్ణి వదిలేస్తారా? ఎవడన్నాడు? ఇద్దర్నీ ఉంచుకుంటారు, పిచ్చి నాయనా! అక్కడే ఉండి గొంతెత్తు. వాడి పేరు పేపర్లలో రోజూ రాయించు. అలాగైతేనే…

— ఏమన్నావ్?

ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నావు?

…మన పిరేయస్ రేవా? మరియమ్మ తల్లీ! ఎప్పుడు దిగావు? ఎవరి కాగితాల మీద? నిన్నెవరైనా చూశారా?

…సరే. సరే, విను. రెండింటికి ఎగినా దీవికి పడవుంది. మీ దెస్పినా పిన్ని ఇంటికి పో. వీధి తలుపు కొట్టకు, వెనక పిస్తా తోటలోంచి వెళ్ళు. జిసిస్ కోసం నేను వెళ్తా. వాళ్ళావిడ పక్కన ఆ ఠాణా మెట్ల మీద రోజూ కూర్చుంటా. ముసలిదాన్ని, నన్నేం చేస్తారు?

— అక్కడికే వెళ్తానని మాటివ్వు.

…మీ నాన్న మీద ఒట్టెయ్యి అంటున్నాను!

…ఉండు. మాంథోస్ చెయ్యి ఊపుతున్నాడు. వాళ్ళే. పొద్దుటివాళ్ళే, కొట్లోకి వస్తున్నారు.

…ఆ, అవును వదినా. చిక్కుడు గింజలు నానబెట్టాను, ఇంకా ఉడకలేదు… మా వాడా? పారిస్‌లోనే ఉన్నాడు. ఇప్పట్లో రాడు వదినా.

— ఏడవకు. ఏడవకు వదినా. పిల్లలు ఎక్కడున్నా బతికుంటే చాలు మనకి.

…పెట్టేస్తున్నా.