దొర గొడుగుతో చోప్ చేసిన బల్ల

“అమ్మమ్మా, నా యూనివర్సిటీకి దగ్గర్లోనేనంట, నువ్వూ తాతా వెళ్ళిన ఆ ఇంగ్లీషు పల్లెటూరు. చూడ్డానికేముంది అక్కడ?”

ఏముందా? ఓలమ్మో, మీ తాతనడుగు, చూడకముందే అంతా కంఠతా పట్టీసినాడు. ఎప్పుడో ఓ రాజుగారు రాసిచ్చిన సంతంట, ఇప్పటికీ గురువారం గురువారం పెడతారు. రాతి స్తంభాల మీద మండపం. చర్చి గడియారానికి ఒకటే ముల్లు. నిమిషాలతో ఆ ఊరోళ్ళకి పనేటి? ఇదంతా తాతకి చెప్పింది ఎవరనుకున్నావ్, ఇక్కడే సెంబవాంగ్‌లో, ఇంగ్లీషోళ్ళ నేవల్ బేస్‌లో తాత పనిచేసినప్పుడు ఆయన పైనున్న దొర.

ఆ దొర ఓ శనివారం వానొస్తంటే తన గొడుగిచ్చి పంపినాడు. మర్నాడు, కాదు కాదు, మర్నాడు ఆదివారం కదా, సోమవారం తిరిగిచ్చీడానికి పట్టుకెళ్తే దొర ఓడెక్కి వెళ్ళిపోనాడు. అంతే, ఆ గొడుగు బీరువాలో దేవుడైపోనాది. నలభై ఏళ్ళు! ఇంటిల్లిపాదీ తడిసాం గానీ అది తడవలేదు. “ఒకరి వస్తువే, ఇచ్చీకపోతే ఎలాగ” అంటాడు.

మీ అమ్మ ఆఫీసు పనిమీద లండన్ వెళ్తా మమ్మల్నీ తీసుకెళ్ళింది. ఈయన గొడుగు చంకలో పెట్టుకుని ఆ ఊళ్ళో ఇంటింటికీ తిరిగినాడు. దొర పోయాడంట, ఇల్లు అమ్మీసారంట, పిల్లలెక్కడున్నారో తెలీదంట. రెండు రోజులు అదే మాట. మూడోనాడు సంత. మొహం వేలాడేసుకున్నాడు పాపం. పోనీ ఏదైనా తిందాం రమ్మన్నాను.

మండపంలో ఓ బల్ల కనిపించింది. నాలుగు కప్పులు, ఓ పాత టోపీ ఉన్నాయి, ఎవరో తినీసి వెళ్ళారనుకున్నాను. మన హాకర్ సెంటర్లో తిండి తెచ్చుకునే ముందు టిష్యూ పొట్లం పెట్టి, ఈ బల్ల మాదని చోప్ చేసుకోమా? అలాగే పెడితే పొట్లం గాలికెగిరిపోతంది. చటుక్కున గొడుగు లాక్కుని దానిమీద పెట్టీసి, ఈయన్ని క్యూలోకి ఈడ్చుకుపోయాను.

తిరిగొస్తే టిష్యూ ఉంది, గొడుగు లేదు! బల్ల దగ్గరున్నావిడ నవ్వుతా, “అమ్ముడైపోయింది, మంచి గొడుగిచ్చారు, థాంక్యూ” అంది. చర్చి కప్పు బాగుచేయించడానికి పాత సామాన్లమ్ముతున్న బల్లంట అది!

తాత మొహంలో నెత్తురు చుక్క లేదు. “నలభై ఏళ్ళు దాచాను. నాలుగు నిమిషాల్లో అమ్మించీసావు” అన్నాడు. ఏడుపొచ్చీసింది నాకు, నిజంగా. సంతంతా వెతికాం. ఆయన కాలీఫ్లవర్ల మధ్య, నేను కోడిగుడ్ల కాడ, చేతిలో తినలేక పారీలేక క్యూలో కొన్న వేడి పఫ్ ఒకటి.

గడియారం కింద ఓ పెద్దావిడ మన గొడుగు పిడి పట్టుకుని కళ్ళొత్తుకుంటంది. పిడికి వెండి పట్టీ, దానిమీద దొర పేరు. “ఇది మా నాన్నది” అంది. దొర కూతురు! పెళ్ళయి పక్కూళ్ళో ఉంటంది, గురువారం సంతకి మాత్రం వస్తాదంట. మీ తాత తన నెత్తిమీద టోపీ తీసి ఏటన్నాడో తెలుసా? “సారీ మేడం, సోమవారమే తెచ్చాను.”

వచ్చేటప్పుడు బస్టాపు దాకా ఒకటే వాన. ముద్దయిపోయాం ఇద్దరం. ఆయన అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు మాత్రం తనే వెతికి పట్టుకున్నానంటాడు. అదిగో, నిద్రపోతున్నట్టు నటిస్తన్నాడు చూడు.

సరే, వెళ్ళిరా తల్లీ, చల్లగా ఉండు. ఏ బల్లమీదా ఏమీ పెట్టకు. నీకో గొడుగు కొన్నాను, కొత్తదే. వానొస్తే విప్పుకో అమ్మా. దాచుకోకు.