టోపీ తీయకుండా తలుపు తట్టిన షెరిఫ్

పంతొమ్మిది వందల తొంభై ఒకటి ఫిబ్రవరి నాలుగవ తేదీన, మోంటానాలోని మన ఐరన్ బ్లఫ్ కౌంటీ జైలులో కావలి ఉద్యోగిగా చేరిన శ్రీ ఆర్లెన్ స్కోగన్ గారు, దాదాపు ముప్పై రెండేళ్ల అవిచ్ఛిన్న సేవ అనంతరం, ఈ నెలాఖరున షెరిఫ్‌గా పదవీ విరమణ చేస్తున్నారు. ఎనిమిది గదుల ఆ జైలులో పొయ్యి సరిగా మండని తొలి చలికాలం, దుప్పట్లన్నీ ఖైదీలకిచ్చేసి, తమకు మిగలక కోటుతోనే గడిపిన ఘనులు వారు.

మూడేళ్లకు డిప్యూటీగా గస్తీ విధుల్లో ప్రవేశించి, రెండువేల మూడులో షెరిఫ్ తరువాతి స్థానమైన అండర్‌షెరిఫ్‌గా పదోన్నతి పొంది, రెండువేల పదిలో ప్రజల ఓటుతో కౌంటీ పోలీసులకు పెద్దగా, షెరిఫ్‌గా ఎన్నికయ్యారు. మన కౌంటీలో షెరిఫే మరణ విచారణాధికారి కూడా కనుక, ఎవరు ఎక్కడ కన్నుమూసినా ఆ కబురు ఫోనులో చెప్పకూడదన్న నియమాన్ని వారు ఎన్నడూ తప్పలేదు. తామే స్వయంగా వెళ్లేవారు. గేటు దగ్గరే టోపీ తీసి చేతపట్టుకొని నడిచేవారు. ఆడవాళ్ల గుమ్మంలో టోపీతో నిలబడితే చెవి మెలేసే తల్లి పెంపకం మరి.

ఆ మర్యాదే రెండువేల పద్దెనిమిదిలో వారి కొంప ముంచబోయింది. అంతకుముందు ఎన్నికలో పోటీయే లేని వారిపై, మాజీ డిప్యూటీ డ్వైట్ హామ్రే నిలబడి, జూన్ నుంచే ఇల్లిల్లూ తిరిగి, "షెరిఫ్ ఎన్నడైనా మీ గడప తొక్కాడా?" అని అడగసాగారు. గత్యంతరం లేక సెప్టెంబరులో స్కోగన్ గారు కూడా కరపత్రాలతో బయలుదేరారు. మొదటి ఇల్లు, చిన్నప్పుడు తమను బడి బస్సులో తిప్పిన హేజెల్ బ్రాటన్ గారిది. ఆమె కొడుకు పక్కనున్న ఉత్తర డకోటాలో చమురు లారీ నడుపుతాడు. వంటింటి కిటికీలోంచి చేతిలో టోపీతో వస్తున్న షెరిఫ్‌ను చూసి, ఆమె బయటికొచ్చి వసారా మెట్ల మీద కూలబడిపోయారు.

"చెప్పెయ్‌రా ఆర్లెన్. నా కొడుకేనా? ఎక్కడ పడిపోయింది లారీ?"

"అయ్యో, అదేం కాదమ్మా! ఓటడుగుదామని వచ్చాను."

"ఓటా! నీ ఓటు తగలెయ్య! ఓటడగడానికొచ్చే మొహమట్రా అది?"

రెండో ఇంట ఒక ముసలాయన భోరున ఏడ్చేశారు. మూడో ఇంట అసలు తలుపే తీయలేదు. కరపత్రాలు బండిలో పడేసి వారు కార్యాలయానికి తిరిగి వచ్చేశారు.

"ఇలా కూర్చుంటే ఓడిపోతారండీ," అని అండర్‌షెరిఫ్ నాడీన్ కెస్లర్ గారు మొత్తుకున్నారు.

"ఓడితే ఓడతాను. ఓట్ల కోసం జనాన్ని గుండె ఆగేలా భయపెట్టనా?"

నిజం చెప్పాలంటే వారికి ఓటమంటే భయమే. ఈ ఉద్యోగం తప్ప మరో పని తెలియని మనిషి వారు.

అక్టోబరులో అకాల మంచు తుఫాను విరుచుకుపడింది. ఎనభై ఒక్క ఏళ్ల లెనార్డ్ డోయల్ గారు తప్పిపోయిన దూడల కోసం వెళ్లి తిరిగి రాలేదు. రెండో రోజు మధ్యాహ్నం గడ్డిమోపుల చాటున, చెవులు కమిలిపోయి, ప్రాణాలతో దొరికారు. ఫోను తీగలు తెగిపోయి ఉన్నందున కబురు చెప్పడానికి షెరిఫ్ గారే వెళ్లారు. గేటు దగ్గర అలవాటు కొద్దీ చెయ్యి టోపీ మీదికి పోయింది. కిటికీలో లెనార్డ్ గారి భార్య అయోన్ డోయల్ గారి ముఖం కనిపించింది. షెరిఫ్ గారు తీయబోయిన టోపీని రెండు చేతులా తలమీద అదిమిపట్టి, అలాగే మంచులో పరుగెత్తారు.

"తీయలేదు! టోపీ తీయలేదు!" అని అరుస్తూ ఆ పెద్దావిడ మేజోళ్లతోనే మంచులోకి దూకి వారిని వాటేసుకున్నారు. వారూ ఏడ్చారు, దాచుకోలేదు.

ఆ వారంలోనే ఆ సంగతి కౌంటీ అంతా పాకింది. షెరిఫ్ టోపీ తలమీదుంటే అందరూ క్షేమమేనని జనమే తీర్మానించుకున్నారు. తల్లికి మనసులోనే క్షమాపణ చెప్పుకొని, వారు టోపీతోనే మిగిలిన గడపలన్నీ తొక్కారు. నలభై మూడు ఓట్లతో నెగ్గారు. ఫలితం విని మా కార్యాలయమంతా ఊపిరి పీల్చుకున్నది. అందరికంటే ముందు హామ్రే గారే వచ్చి చేయి కలిపారు.

ఈ సంచిక కోసం రెండు మాటలు చెప్పమని వారి సతీమణి జోలీన్ గారిని అడిగాము. "ఆయన వందల గుమ్మాలకు ఆ కబురు మోసుకెళ్లారు. ఇన్నేళ్లలో మీలో ఒక్కరూ నా గుమ్మంలోకి ఆ కబురు మోసుకురాలేదు. ఇక రారు. నాకది చాలు," అన్నారు.

శ్రీ స్కోగన్ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, దీర్ఘాయుష్మంతులై, ఇకపై ప్రతి సాయంత్రం అన్నం చల్లారకముందే ఆమె ఎదుట కూర్చోవాలని మా అందరి మనఃపూర్వక ఆకాంక్ష.