గాజు సూదితో పట్టిన తలుపు

మూర్ఛల వార్డు పక్కన టీ బంకులో గాజు బాబాయి నోరు విప్పాడంటే చేతిలో టీ చల్లారాల్సిందే. ఆసుపత్రి పై అంతస్తు ప్రయోగశాలలో గాజు గొట్టాలు కాల్చి సన్నటి సూదులు లాగడం ఆయన పని. ప్రయోగశాల మొత్తం తన భుజాల మీదే నడుస్తోందని ఆయన నమ్మకం.

"నరాల కణానికి తలుపులుంటాయి. లోపలి పొటాషియం వాటిలోంచి బయటికి పోతేనే కణం నెమ్మదిస్తుంది, తలుపు బిగుసుకుందా, మూర్ఛే. వెంట్రుకను వెయ్యి చీలికలు చేసినా ఒక్కో చీలిక ఆ తలుపు కంటే లావు. దాని మీద నా సూది మొన ఆనించాలి, బల్ల కదిలితే అంతా గోవిందా. అందుకని నేను ఊపిరి బిగబట్టాను."

"ఎంతసేపు?" అన్నాడు టీ కాచేవాడు.

"పూటంతా. కాదు కాదు, రోజున్నర. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాన్ని తెరిచే కొత్త మందు చుక్క వేస్తే తలుపు ఉలకదు, పలకదు. వంగి, ఎన్నాళ్లే నీ బెట్టు, అని ఒక్క అరుపు అరిచాను."

"ఊపిరికే కదిలే బల్ల అరుపుకి కదల్లేదా?"

"దానికి నా గొంతు అలవాటేలే. గిన్నెలో కణాల తలుపులన్నీ టపటపా తెరుచుకున్నాయి. ఆ ఊపుకి కింద గుండె వార్డులో లయ తప్పిన గుండెలు సర్దుకున్నాయి. గుండెకీ, ఇన్సులిన్ తీసే గ్రంథికీ ఇలాంటి తలుపులే కదా. షుగరు రోగులైతే లేచి కూర్చుని మిఠాయి అడిగారు."

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు, ఒక్కామె తప్ప. ఆమె ఏడేళ్ల కూతురికి పొద్దుట్నుంచి మూడుసార్లు మూర్ఛ వచ్చింది. ఇంతసేపూ ఆమె ఒక్క మాట వదలకుండా విన్నది.

"ఆ మందు మా పాపకి ఎప్పుడిస్తారు బాబాయ్?"

బాబాయికి ఇంకో కోత నాలుక చివరే ఉంది, కానీ ఆ ముఖం చూస్తూ కోయడానికి మనసొప్పలేదు. జీవితంలో అంత సిగ్గు ఆయన ఎప్పుడూ పడలేదు.

"ఇంకా లేదమ్మా," అన్నాడు మెల్లగా. "గిన్నెలో కణాల మీదే చూస్తున్నారు. మనుషుల దాకా రావడానికి ఏళ్లు పట్టొచ్చు, రాకపోనూ వచ్చు. నేను సూదులు లాగుతానంతే. పదిలో ఆరు విరుగుతాయి."

ఆమె కళ్లు తుడుచుకుని, గ్లాసు బల్ల మీద పెట్టి లేచింది.

"రేపు ఐదే విరిగేలా చూడు బాబాయ్," అని వార్డులోకి వెళ్లిపోయింది.