తమ్ముడికి రెండు సెకన్లు

కార్ల ర్యాలీ ముగిసిన సాయంత్రం. ఫినిష్ గీత పక్కన రేకుల గదిలో టైము రాసే పెద్దాయన, ఆయన తమ్ముడి భార్య.

"ఫలితాల కాగితం మీద సంతకం తరవాత పెడుదురుగాని బావగారూ, ముందు నేనడిగిన దానికి జవాబు చెప్పండి."

"అడిగిందే అడుగుతావేంటమ్మా? బయట అందరూ ఎదురుచూస్తున్నారు. మీ ఆయన్ని అప్పుడే భుజాల మీదికి ఎత్తేశారు, చూడు."

"ఎత్తనివ్వండి. పోయినేడు నేను ఈ కిటికీ అవతలే నిలబడి నా ఫోన్లో కూడా టైము పట్టాను, తెలుసా మీకు?"

"పట్టావా? ఎందుకూ?"

"ఊరికే, సరదాకి. మీ ఫోన్లో స్టార్ట్ దగ్గరి కేక కిటికీలోంచి వినపడేదిగా. మొత్తం పద్నాలుగు బళ్ళు. పదమూడింటికి నా లెక్కా మీ లెక్కా ఒక్కటే. మా ఆయన బండికి మాత్రం మీ కాగితం మీద రెండు సెకన్లు ఎక్కువ."

"చేతి లెక్క కదమ్మా. స్టార్ట్ దగ్గర వాడెవడో ఫోన్లో 'వదిలా' అని అరవడం, నేనిక్కడ స్టాప్‌వాచీ నొక్కడం, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాయడం. కాస్త అటూ ఇటూ..."

"అటూ ఇటూనా? ఆరేళ్ళుగా ఆయన రెండోవాడే. ఒకసారి సెకను తేడా, ఒకసారి సెకనున్నర."

"తలుపు దగ్గరికి వెయ్యి."

"వెయ్యను. చెప్పండి."

"మొట్టమొదటిసారి వాడే గెలిచాడు, గుర్తుందా? కప్పు తీసుకుంటుంటే రెండోవాడిగా వచ్చిన ఆ టైర్ల షాపాయన మైకు పక్కనే నిలబడి, 'వాచీ అన్నయ్యది, కప్పు తమ్ముడిది' అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తరవాత వారం రోజులు అన్నం సహించలేదు నాకు."

"అందుకని?"

"మరుసటేడు నుంచి వాడికి రెండు కలిపేవాణ్ణి. నన్నెవరూ వేలెత్తి చూపకూడదని..."

"ఛీ!"

"అమ్మా..."

"ఛీ ఛీ! మీ మంచిపేరు కోసం సొంత తమ్ముడి గొంతు కోశారా? సెలవొస్తే చాలు, ఆ బండి కిందే పడుంటాడు మనిషి. ఒళ్ళంతా గ్రీజు. పోయినేడు ఓడిపోయి ఇంటికొచ్చి ఏమన్నాడు? 'నాదే తప్పన్నయ్యా, మలుపులో బ్రేకు ముందే వేశాను' అన్నాడు. మీరు టీ తాగుతూ తలూపారు. 'అవున్రా, కాస్త ముందే వేశావు' అన్నారు కూడా! మీ మొహం చూడాలంటేనే రోత పుట్టింది."

"అన్నాను. నా నోరు పడిపోను."

"ఈసారీ గెలవకపోతే బండి అమ్మేస్తానన్నాడు. అందుకే కాళ్ళరిగేలా తిరిగి, క్లబ్బువాళ్ళని బతిమాలి ఈ ఫోన్లు పెట్టించా. స్టార్ట్‌లో ఒకటి, ఇక్కడొకటి. బండి కదలగానే అక్కడ, గీత దాటగానే ఇక్కడ నొక్కితే చాలు, టైము దానంతటదే అందరికీ మెసేజ్ వెళ్ళిపోతుంది. కాగితం మీద కలపడాలు ఉండవు."

"మంచి పని చేశావమ్మా."

"ఏం మంచి? ఫోనైనా నొక్కేది మీ వేలేగా. రెండు సెకన్లు ఆగి నొక్కితే ఎవరు చూడొచ్చారు? ఈసారీ ఆగే ఉంటారు."

"ఆగలేదు."

"అబద్ధం."

"ఫోను పెట్టాక నన్నెవరేమంటారమ్మా? దాన్ని అడగండి అంటాను. ముందు చక్రం గీత మీద పడింది, నొక్కేశాను. ఇన్నేళ్ళకి వాడికి న్యాయం చేశాను. టైర్ల షాపాయన మీద సెకను తేడాతో గెలిచాడు. నమ్ము."

"నిజంగా ఆగలేదా?"

"నా పిల్లల మీద ఒట్టు."

"సెకనేనా తేడా? సరిగ్గా చూశారా?"

"ఒకే ఒక్క సెకను. ఏమైంది, ఆ కాగితం లాక్కుంటావేం? తిట్టు, ఉమ్మెయ్యి, పడతాను. ఈ ఒక్క సంతకం మాత్రం పెట్టనివ్వు, వాడికి కప్పిచ్చేస్తారు."

"పెట్టకండి."

"ఎందుకే తల్లీ?"

"మీరు ఎప్పట్లాగే కలుపుతారనుకున్నా బావగారూ. స్టార్ట్‌లో ఫోను నా చేతిలోనే ఉంది... ఆయన బండి కదిలాక రెండు సెకన్లు ఆగి నొక్కాను."